కొండల్లో విహారం - కొండవారి ఆహారం

కార్తీకమాసం ప్రవేశించినది మొదలు సంక్రాంతి సెలవులు ముగిసే వరకు విశాఖపట్నం నుండి అరకులోయకు వెళ్ళే దారి వాహనాలతో నిండి ఉంటుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేవారు కొందరు, కిరండూల్ రైలులో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వచ్చేవారు మరికొందరు. 2017లో ఆ రైలుకు అద్దాల పెట్టె చేర్చిన తరువాత పిల్లలకు ఆ ప్రయాణం మరింత వేడుకైనది. బొర్రా గుహలు, ఉదయపు మంచు, పచ్చని తివాచీ పరచినట్లుండే వలిసె పూల చేలు చూసి అందరూ ఆనందంగా తిరిగి వస్తారు. అది మంచి విషయమే. అయితే అలా వెళ్ళి వచ్చిన వారిని "అక్కడ ఏమి తిన్నారు?" అని నేను అడిగినప్పుడు వచ్చే జవాబు చాలావరకు ఒక్కటే. చిప్స్ పొట్లాలు, కూల్‌డ్రింకులు, మిరపకాయ బజ్జీలు, నూడుల్స్, ఒక పూట బొంగు చికెన్. చివరిదానిని మినహాయిస్తే తక్కినవన్నీ తమ వీధి చివరి అంగడిలోనే దొరికేవి. వాటికోసం కొండ ఎక్కవలసిన పని లేదు.

ఆయుర్వేదంలో ఆహారము, విహారము అనే రెండు మాటలు జంటగా వస్తాయి. నేటి మన యాత్రలలో విహారం కొండమీద జరుగుతున్నది, ఆహారం మాత్రం కిందినుండి సంచులలో వస్తున్నది. ఈ జంటను విడదీయడం వలన యాత్రికుని కడుపుకు కలిగే కీడు కొంత. ఆ కొండలలో నివసించే వారికి కలుగుతున్న కీడు అంతకంటె పెద్దది. అరకు వెళ్ళిన కుటుంబం అక్కడ పండినదానిని, ఆ ఋతువులో దొరికేదానిని, అడిగి, మితంగా తినవలెనని నా అభిప్రాయం. అందుకు నా కారణాలు విన్నవిస్తాను.

చిరుతిండి దోషం కాదు

ముందుగా ఒక అపోహ తొలగించవలసి ఉన్నది. వైద్యులు చిరుతిండికి విరోధులని చాలామంది భావిస్తారు. శాస్త్రం చిరుతిండిని నిషేధించలేదు. అది నిషేధించినది అధ్యశనాన్ని. అనగా ముందు తిన్నది జీర్ణం కాకముందే దానిపై మరల తినడం. హితమైనదీ అహితమైనదీ కలిపి తినడం సమశనం. వేళ తప్పి, కొలత తప్పి తినడం విషమాశనం. చరకుడు ఈ మూడింటినీ రోగకారణాలుగా చెప్పినాడు. మన విహారయాత్రను ఒక్కసారి తలచుకొనండి. తెల్లవారుజామున ఇడ్లీలు, గంటలోపే బిస్కెట్లు, ఘాట్ మొదట్లో బజ్జీలు, మలుపుల్లో చిప్స్, వ్యూ పాయింట్ వద్ద కూల్‌డ్రింకు. ఈ మూడు దోషాలూ మధ్యాహ్న భోజనానికి ముందే పూర్తవుతున్నవి. తరువాత పిల్లవాడు మలుపు మలుపుకూ వాంతి చేసుకుంటే ఘాట్ రోడ్డును నిందిస్తాము.

ఘాట్ ఎక్కే ముందు కడుపు మూడు వంతులకు మించి నింపరాదు. నూనెలో వేగినవి అసలు తినరాదు. ఒక చిన్న శొంఠి ముక్క బుగ్గన పెట్టుకొనుట, లేదా ఉప్పు అద్దిన నిమ్మబద్ద చప్పరించుట చాలు. పెద్ద మందులు అవసరం లేదు.

ఋతువు ఇచ్చిన అనుమతి

అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. యాత్రికులు అధికంగా వెళ్ళేది మార్గశిర, పుష్య మాసాలలో. అది హేమంత ఋతువు. ఆ ఋతువులో బయటి చలి వలన లోపలి ఉష్ణం నిలిచి జఠరాగ్ని బలంగా ఉంటుంది. దానికి తగిన ఆహారం ఇవ్వకపోతే అది శరీరధాతువులనే హరిస్తుంది. కావున మధురమైన, స్నిగ్ధమైన, కొంత గురువైన పదార్థాలను కూడా హేమంతంలో తినవచ్చునని శాస్త్రం అనుమతించినది. నువ్వులు, బెల్లం, నెయ్యి, కొత్తధాన్యం ఆ కాలానికి తగినవి. ఐసు పెట్టెలో ఉంచిన తీపిసోడా ఆ చలిలో ఎంతమాత్రం తగదు. మంచు కురిసే ఉదయాన పిల్లల చేతికి చల్లని సీసా ఇచ్చి, సాయంత్రానికి గొంతునొప్పి అని బాధపడేవారిని నేను ప్రతి సంవత్సరం చూస్తూనే ఉన్నాను.

కొండ ఇచ్చేవి

నా గురుకుల విద్యాభ్యాస కాలంలో మా గురువుగారు మూలికల పరిచయం కోసం శిష్యులను పాడేరు, చింతపల్లి అడవులకు తీసుకొని వెళ్ళేవారు. ఏ గూడెంలో ఆగినా ఎండిన ఆనపకాయ బుర్రలో నుండి చోడి అంబలి పోసి ఇచ్చేవారు. దానితోపాటు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అది తాగి మధ్యాహ్నం వరకు కొండలు ఎక్కేవాళ్ళము, ఆకలి అయ్యేది కాదు. చోళ్ళు అనగా రాగులు. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే పరిమాణం గల పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఎముకలు గట్టిపడే వయసులో ఉన్న పిల్లలకు, మోకాళ్ళు నొప్పులు పుట్టే వయసులో ఉన్న తల్లులకు దీని విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

సామలు, కొర్రలు కూడా ఈ కొండల పాత పంటలే. సామలతో ఉప్మా, పొంగలి చేయవచ్చును. బొగ్గులపై కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉడికించిన చిలగడదుంప, వేసవి చివరలో కాల్చిన పనస పిక్కలు, అనాస ముక్కలు, శరత్కాలంలో సీతాఫలాలు, శీతాకాలంలో ఉసిరికాయలు. ఇవన్నీ చిరుతిండ్లే. వీటిలో దేనికీ ప్లాస్టిక్ పొట్లం అవసరం లేదు. ఇక పసుపు, అల్లం, మిరియాలు ఆ నేలపై పండుతాయి. పిప్పలి కూడా అక్కడిదే. దాని వేరును మోడి అంటారు. మా వైద్యంలో కఫరోగాలకు, అగ్నిమాంద్యానికి పిప్పలి ఎంత ముఖ్యమో పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది.

గిరిజనుల ఆహార నియమం ఒకటి మనం నేర్వదగినది. కొర్ర కొత్త, మామిడి కొత్త వంటి కొత్త పండుగలు చేసి, తొలిపంటను దేవతకు సమర్పించిన తరువాతనే దానిని తింటారు. ఆ పండుగ రానిదే చెట్టు నిండా మామిడికాయలున్నా నోట పెట్టరు. కాయ పక్వానికి వచ్చే వరకు ఆగడం అందులో ఉన్నది. మనం ఋతుచర్య అని గ్రంథాలలో చదివి మరచిపోయినదానిని వారు పండుగ చేసి నిలుపుకున్నారు.

అన్నీ మందులు కావు

ఇంత చెప్పినందువలన కొండలో దొరికే ప్రతిదీ ఔషధమని పాఠకులు భావించరాదు. ఆ ప్రచారం కూడా ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగానే జరుగుతున్నది.

బొంగు చికెన్ మంచి వంట. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పులపై కాల్చడం వలన నూనె లేకుండానే మాంసం తన రసంలో తాను ఉడుకుతుంది. ఇది పాత్ర అక్కరలేని పాకం. కాని అది కీళ్ళనొప్పులకు, మధుమేహానికి మందు అని చెప్పేవారి మాటలు నమ్మరాదు. రంగు కలిపిన మసాలా ముద్దలు కూరినచోట ఆ వంటకున్న సుగుణం కూడా పోతుంది. బొంగు పచ్చిగా ఉన్నదా, లోపలి మాంసం ఎముక దగ్గర కూడా ఉడికినదా అని చూసి తినవలెను. వెదురు కొమ్ముల కూర చేసేవారు వాటిని నీళ్ళలో బాగా ఉడికించి ఆ నీరు పారబోయవలెను. పచ్చి కొమ్ములలో విషపదార్థం ఉంటుంది. శాస్త్రం కూడా వాటిని విదాహిగా, వాతకరంగా చెప్పినది.

కాఫీ సంగతి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది వారి శ్రమకు దక్కిన గౌరవం. మన సంహితలలో కాఫీ లేదు. దాని చేదు వగరు రుచులను బట్టి చూస్తే అది రూక్షం, నిద్రను చెరుస్తుంది, ఖాళీ కడుపున తాగితే పిత్తాన్ని రేపుతుంది. చలి ఉదయాన ఫలహారం తరువాత ఒక్క లోటా తాగితే ఆక్షేపణ లేదు. కాఫీ చాక్లెట్లు పిల్లలకు పెట్టేవారు వాటిలో కూడా కాఫీయే ఉన్నదని మరువరాదు. సాయంత్రం నాలుగు ముక్కలు తిన్న పిల్లవాడు రాత్రి నిద్రపోడు.

తేనె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దారి పక్కన బకెట్టులో తేనెపట్టు వేసి అమ్మేదంతా తేనె కాదు. అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, నీళ్ళలో వేసి చూడడం వంటి ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుండి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ వారు గిరిజనుల వద్ద సేకరించిన తేనెను అమ్ముతారు. అక్కడ కొనడం మేలు. తేనెను కాచరాదు, మరిగే పాలలో, కాఫీలో కలపరాదు, నెయ్యితో సమానంగా కలిపి తినరాదు. ఒక సంవత్సరం నిండని శిశువుకు నాలుక మీద రాయడానికైనా తేనె వాడవద్దని నేటి శిశువైద్యులు చెబుతున్నారు. అందులో ఉండగల సూక్ష్మజీవుల విషం పసివారికి ప్రాణాంతకం కావచ్చును. ఈ మాటను సంప్రదాయ వైద్యులమైన మేము కూడా పాటించవలెను. మధుమేహం ఉన్నవారికి బెల్లం, తేనె రెండూ చక్కెరవలెనే రక్తంలో చక్కెరను పెంచుతాయి. సహజమైనవి అన్న పేరుతో మినహాయింపు లేదు.

ఒక చలిదేశపు ఉదాహరణ

అతిథికి తమ తిండినే గౌరవంగా పెట్టే దేశం ఒకటి చెబుతాను. ఉత్తరధ్రువానికి చేరువలో ఐస్‌లాండ్ అనే ద్వీపం ఉన్నది. జనాభా నాలుగు లక్షలకు మించదు. పంటలు తక్కువ, చలి ఎక్కువ. ఆ దేశం చూడవచ్చిన వారికి వారు చూపే చిరుతిండ్లు ఏమిటి? గాలికి ఎండబెట్టిన చేపను వెన్న రాసుకొని తింటారు. నీరు తీసిన చిక్కని పెరుగువంటి స్కిర్ అనే పదార్థం పెడతారు. రై అనే ధాన్యపు పిండిని పాత్రలో ఉంచి, వేడినీటి బుగ్గల పక్క నేలలో సుమారు ఒక రోజు పాతిపెట్టి, ఆ భూమి వేడికి ఉడికిన రొట్టెను తవ్వి తీసి యాత్రికులకు రుచి చూపిస్తారు. మన బొంగులో పాకం వంటిదే అది కూడా. తమ నేల పేదదని వారు సిగ్గుపడలేదు.

ఆ దేశపు మిఠాయిలలో అతిమధురం కలిపిన చాక్లెట్టు మిక్కిలి ప్రసిద్ధం. అతిమధురం అనగా మన యష్టిమధుకమే. మనం దగ్గుకు చిటికెడు వాడే వేరును వారు మిఠాయి చేసుకున్నారు. దానిని అతిగా తింటే రక్తపోటు పెరుగుతుందని, రక్తంలో పొటాషియం తగ్గుతుందని ఆధునిక వైద్యులు హెచ్చరిస్తారు. ఔషధమైనా మాత్ర మీరితే దోషమే. అక్కడ మిఠాయిలకు శనివారం అని ఒక రోజు కేటాయించే వాడుక కూడా ఉన్నది. పిల్లలు శనివారం కోసం ఎదురుచూస్తారు. మన ఇళ్ళలో వారానికి ఒక్క రోజు పెట్టుకొనదగిన ఆచారమిది.

అతిథి అడిగినదే అంగడిలో ఉంటుంది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ దేశంలో పుట్టినవానికి ఆ దేశంలో పుట్టిన ద్రవ్యమే హితమని మన శాస్త్రం చెబుతుంది. ఈ సూత్రాన్ని యాత్రికునికి అన్వయించి, అరకు వెళితే అరకు తిండి తినవలెనని కొందరు వాదిస్తారు. నిజానికి ఆ సూత్రం రెండు రోజుల అతిథిని గూర్చి చెప్పినది కాదు. అతనికి కొండ ఆహారం కొత్తది, కావుననే కొద్దిగా తినమంటున్నాను. ఆ సూత్రం ముందుగా వర్తించేది ఆ కొండలో పుట్టిన బిడ్డకు. చోళ్ళు, సామలు, దుంపలు, ఆకుకూరలు ఎవరికి సాత్మ్యమో ఆ బిడ్డకు ఈనాడు ఏమి దొరుకుతున్నది?

గూడెం బడ్డీ కొట్టులో దండలుగా వేలాడేవి రంగుల పొట్లాలు. రెండు మూడు దశాబ్దాల క్రితం అవి లేవు. అవి మొదట మనకోసం వచ్చినవి. బస్సు దిగిన యాత్రికుడు వాటిని అడిగినాడు, అంగడివాడు తెచ్చిపెట్టినాడు. యాత్రికుడు వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ పొట్లం అక్కడే వేలాడుతున్నది. నిన్న తల్లితో కలిసి చేలో అంబలి తాగిన పిల్లవాడు నేడు ఐదు రూపాయలకు ఉప్పు, నూనె, మైదా కొనుక్కుంటున్నాడు. పట్నంవారి బాబు తింటున్నది గొప్పదని, తన బుర్రలోని అంబలి తక్కువదని ఆ పిల్లవాడికి నేర్పినది మన చేతిలోని పొట్లమే.

చౌకబియ్యం వచ్చిన తరువాత కొండల్లో చిరుధాన్యాల వాడుక తగ్గినది. ఆ బియ్యం ఆకలి తీర్చినది, దానిని నేను తప్పుపట్టను. ఆకలి కాలాన్ని అనుభవించినవారికి బియ్యం వద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు. కాని బియ్యం మీదికి పొట్లం కూడా చేరితే ఆ బిడ్డల రక్తహీనత ఎలా తీరుతుంది? 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. పట్టణాలలో వాటి ధర పెరిగినది, ప్రచారం పెరిగినది. పండించిన తల్లి తన చోళ్ళన్నీ సంతలో అమ్మి, బిడ్డకు బిస్కెట్లు కొని తీసుకొని వెళితే ఆ ప్రచారం వలన ఫలితం ఏమి? అందుకే చోళ్ళు మూటగట్టి పట్నానికి తీసుకొని రమ్మని నేను చెప్పడం లేదు. అక్కడే, వారి చేతి వంటగా, వారి ధరకు కొని తినమంటున్నాను. అప్పుడు ఆ వంటకు గౌరవం నిలుస్తుంది. ఆ గౌరవాన్ని వారి పిల్లలు చూస్తారు.

ఆక్షేపణలు

"రోడ్డు పక్క అంబలి శుభ్రంగా ఉంటుందా?" అని గృహిణులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మీ ఎదుట కాల్చిన పొత్తు, మీ ఎదుట ఉడికి దిగిన దుంప, వేడి సామల ఉప్మా - వీటిలో భయం లేదు. అంబలి ఏ నీటితో కలిపినారో అడిగి తాగవలెను. కోసి ఈగలు ముసురుతున్న అనాస ముక్కలు వద్దు, కాయ కొని మీ ఎదుట కోయించుకొనండి. పదిసార్లు కాగి నల్లబడిన నూనెలో వేగిన బజ్జీకంటె ఇవన్నీ శుభ్రమైనవే. పైగా ఆ బజ్జీని వార్తాపత్రిక ముక్కలో చుట్టి ఇస్తారు. అచ్చు సిరాలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయని, పత్రికల్లో ఆహారం చుట్టరాదని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2016లోను, తిరిగి 2023లోను హెచ్చరించినది. కొండ నిండా అడ్డాకులు ఉన్నవి. ఆ ఆకులు సేకరించి, విస్తళ్ళు కుట్టి అమ్మడం ఎన్నో గిరిజన కుటుంబాలకు జీవనాధారం. "కాగితం వద్దు, అడ్డాకు దొప్పలో పెట్టమ్మా" అని పది మంది అడిగితే పదకొండవ వానికి అడగకుండానే ఆకులో వస్తుంది.

"పిల్లలు తినరు" అనేది రెండవ ఆక్షేపణ. పిల్లలు అలవాటు లేనిదానిని ఒక్కసారిగా తినరు. యాత్రకు పది రోజుల ముందు నుండి ఇంట్లో చోడి ఉండలు చేసి పెట్టండి. చోళ్ళు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తనిచ్చి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టవలెను. గ్లాసు పిండికి పావు గ్లాసు వేయించిన నువ్వుల పొడి, అర గ్లాసు బెల్లం తురుము, చిటికెడు శొంఠి, రెండు యాలకులు కలిపి, కాచిన నెయ్యి తగినంత వేసి ఉండలు చుట్టవలెను. ఆ కొండలకు దిగువనే ఉన్న అనకాపల్లి బెల్లం దీనికి శ్రేష్ఠం. మెరిసే పసుపు రంగు బెల్లం వద్దు, అది రసాయనంతో తెలుపు చేసినది కావచ్చును. ముదురు రంగుదే ఎంచుకొనవలెను. పూటకు ఒక ఉండ చాలు. యాత్రలో ఇవే వెంట తీసుకొని వెళితే చిప్స్ పొట్లం కోసం పేచీ ఉండదు.

ఈ శీతాకాలంలో అరకు వెళ్ళదలచిన కుటుంబాలకు నా విన్నపం ఇంతే. మీ సంచిలో పొట్లాలు తగ్గించుకొని వెళ్ళండి. ఆకలి అయిన తరువాతనే తినండి. అక్కడి అంగడిలో మొదట "చోడి అంబలి ఉన్నదా, సామల ఉప్మా చేస్తారా, ఉడికిన దుంపలు ఉన్నవా?" అని అడగండి. లేదన్నా ఫరవాలేదు, మరుసటి దుకాణంలో మరల అడగండి. చెప్పిన ధర బేరమాడకుండా ఇవ్వండి. రోజుకు పది కుటుంబాలు అడిగితే, వచ్చే శీతాకాలానికి ఆ బడ్డీలలో రంగుల దండల పక్కన ఒక అంబలి కుండ కూడా కనిపిస్తుందని నా నమ్మకం.